హుషారు మాత్ర

మా బాబాయ్‌కి ఇరవై రెండేళ్లుగా స్కిజోఫ్రీనియా. ఈ మాట ఇలా బయటికి రాయడానికి ఇంట్లో అందరినీ అడిగాను. అందరికంటే ముందు బాబాయ్‌నే అడిగాను. "పేరు రాయబాక, అంతే" అన్నాడు.

పేరు రాయను. ఊరు కూడా చెప్పను. నెల్లూరు నుంచి మైపాడు బీచ్‌కి వెళ్తుంటే రొయ్యల గుంటలు, తిరిగే ఏరేటర్లు కనిపిస్తాయి కదా, ఆ చుట్టుపక్కల ఒక ఊరు అనుకోండి చాలు.

ఈ జబ్బు పేరు వినగానే మనకి సినిమాలు నేర్పిన బొమ్మ ఒకటి గుర్తొస్తుంది. చింపిరి జుట్టు, పెద్ద పెద్ద కేకలు, చేతిలో కత్తి. మా ఇంట్లో కత్తి ఎప్పుడూ లేదు. గొంతులు మాత్రం ఉండేవి. నాకప్పుడు ఆరేళ్లు. ఎవరో తన గురించే మాట్లాడుకుంటున్నారని బాబాయ్ అర్ధరాత్రి లేచి కాలవ గట్టు మీదికి వెళ్లిపోయేవాడట. నాయనమ్మ ఏ.ఎస్.పేట దర్గాకి తీసుకెళ్లింది. గొలగమూడి వెంకయ్య స్వామి దగ్గర నిద్ర చేయించింది. రొట్టెల పండక్కి స్వర్ణాల చెరువులో దిగి ఆరోగ్య రొట్టె పట్టుకుంది. ఆ తర్వాత నాన్న చెన్నైకి తీసుకెళ్తే మందులు మొదలయ్యాయి. కొన్నేళ్లకి గొంతులు ఆగాయి.

అందరం ఊపిరి పీల్చుకున్నాం. కానీ గొంతులతో పాటు ఇంకేదో కూడా ఆగిపోయింది.

గొడవ చేయట్లేదు, అదే పదివేలు

నన్ను సైకిల్ ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని సముద్రం దాకా తొక్కిన మనిషి మా బాబాయ్. ఊళ్లో ఎవరి ఆయిల్ ఇంజన్ మొరాయించినా ఆయనకే కబురొచ్చేది. అలాంటి మనిషి పొద్దున తొమ్మిదింటికి లేచి అరుగు మీద కూర్చుంటే మళ్లీ అన్నానికి పిలిచేదాకా అక్కడే. టీ ఇస్తే తాగుతాడు. బీడీ కాలుస్తాడు. టీవీలో ఏం వస్తుందో ఆయనకి పట్టదు. "తిన్నావా బాబాయ్?" అంటే "ఊ". "బాగున్నావా?" అన్నా అదే "ఊ". చెప్తే స్నానం చేస్తాడు, చెప్పకపోతే నాలుగు రోజులైనా గుర్తుండదు.

ఊరు దీనికి పెట్టిన పేరు బద్ధకం. బంధువులు పెట్టిన పేరు మందుల మత్తు. మా ఇంట్లో మాట: "గొడవ చేయట్లేదు కదా, అదే పదివేలు."

నేను చెన్నైలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాను. మా పనిలో ఒక రకం సమస్య ఉంటుంది. డాష్‌బోర్డ్ మొత్తం పచ్చగా ఉంటుంది, ఒక్క అలర్ట్ కూడా మోగదు, కానీ అవతల యూజర్‌కి పేజీ తెరుచుకోదు. బాబాయ్ పరిస్థితి నాకు సరిగ్గా అలా కనిపించేది. అలర్ట్‌లు లేవు కాబట్టి అంతా బాగుందని మేం సర్దుకుపోయాం.

డాక్టర్లు దీనికి వాడే మాటలు తర్వాత తెలిశాయి. లేని గొంతులు వినిపించడం, లేని శత్రువులు కనిపించడం లాంటివి 'పాజిటివ్' లక్షణాలు. అంటే మామూలు మనసుకి అదనంగా వచ్చి చేరినవి. మొహంలో భావం తగ్గిపోవడం, మాట తగ్గిపోవడం, ఏదైనా చేద్దామనే ఊపు పోవడం, నలుగురిలోకి వెళ్లాలనిపించకపోవడం, ఆనందం తగ్గిపోవడం, ఈ ఐదూ 'నెగటివ్' లక్షణాలు. అంటే ఉండాల్సినవి లేకుండా పోవడం. దీర్ఘకాలం జబ్బుతో ఉన్నవాళ్లకి ఉద్యోగాన్నీ, పెళ్లినీ, స్నేహాలనీ ఎక్కువగా దూరం చేసేవి ఈ రెండో రకం లక్షణాలే. 1952లో పారిస్‌లో క్లోర్‌ప్రోమజైన్ వాడకం మొదలైనప్పటి నుంచి వచ్చిన మందుల్లో చాలావరకు మొదటి రకాన్ని బాగా తగ్గిస్తాయి. రెండో రకం మీద వాటి బలం అంతంత మాత్రమే.

కాలవ చివరి పొలం

ఎందుకిలా? మా వైపు వాళ్లకి అర్థమయ్యే లెక్కలో చెప్తాను. పెన్నా కాలవ కింద మొదటి పొలాలు మునిగిపోతున్నా, చివరి భూములకి తడి అందని రోజులుంటాయి. మెదడులో డోపమైన్ అనే రసాయనం పని కూడా అలాంటిదేనని శాస్త్రవేత్తల అంచనా. స్కిజోఫ్రీనియాలో ఒక దారిలో డోపమైన్ పొంగుతుంది, గొంతులు అక్కడి నుంచి వస్తాయి. నుదుటి వెనక ఉండే భాగానికి వెళ్లే దారిలో మాత్రం కొరత. ఆలోచన, ఆసక్తి, పనికి పూనుకోవడం లాంటివి ఆ భాగం చూసుకుంటుంది. యాంటీసైకోటిక్ మందులు వరదని ఆపడానికి తూము దించుతాయి. మొదటి పొలం తేరుకుంటుంది. చివరి పొలానికి అసలే నీళ్లు లేవు, ఇంకేం అందుతాయి?

డోపమైన్‌కీ హుషారుకీ ఉన్న సంబంధం బయటపడిన కథలో మన సర్పగంధి వేరుకి కూడా చోటుంది. ఉన్మాదానికీ రక్తపోటుకీ అది పనిచేస్తుందని 1931లోనే కలకత్తా డాక్టర్లు గణనాథ్ సేన్, కార్తిక్ చంద్ర బోస్ రాశారు. ఆ వేరు నుంచి తీసిన రిసర్పిన్‌ని 1957లో స్వీడన్ శాస్త్రవేత్త ఆర్విడ్ కార్ల్‌సన్ కుందేళ్లకి ఇస్తే అవి కదలకుండా పడిపోయాయి. తర్వాత డోపమైన్‌గా మారే ఎల్-డోపా ఇస్తే లేచి తిరిగాయి. 2000లో ఆయనకి నోబెల్ రావడంలో డోపమైన్ మీద చేసిన ఈ పనిదే ముఖ్యపాత్ర.

ఆ కుందేళ్ల సంగతి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అరుగు మీద బాబాయే కళ్లముందు మెదిలాడు.

ఆఫీసులో ఒక మాత్ర

ఇదంతా నేను చదవడానికి కారణం ఆఫీసు. రిలీజ్ రాత్రుల్లో మా టీమ్‌లో ఒకడు మొడాఫినిల్ మింగి తెల్లారేదాకా పనిచేసేవాడు. నిజానికి అది పగటిపూట ఆపుకోలేని నిద్ర ముంచుకొచ్చే నార్కోలెప్సీ లాంటి జబ్బులకి ఇచ్చే మందు. వాడు దానికి 'హుషారు మాత్ర' అని పేరు పెట్టాడు. ఆరోగ్యంగా ఉన్నవాడికి ఇంత ఊపు వస్తే, ఊపు పోయి కూర్చున్న మా బాబాయ్‌కి వస్తే ఎంత బాగుంటుంది? నా బుర్రలో తిరిగిన ప్రశ్న ఇదే.

ఈ ప్రశ్న డాక్టర్లు ఎప్పుడో వేసుకున్నారు. యాంఫెటమిన్‌ని 1887లోనే తయారు చేశారు. ఏడీహెచ్‌డీకి ఇచ్చే మిథైల్‌ఫెనిడేట్ 1944 నాటిది. ఇవి డోపమైన్ పెంచే మందులు, అంటే తూము ఎత్తే మందులు. చిక్కేమిటంటే తూము ఎత్తితే నీళ్లు చివరి పొలానికి మాత్రమే పోవు, మొదటి పొలంలోకి కూడా వస్తాయి. 1958లో లండన్ డాక్టర్ ఫిలిప్ కానెల్ ఒక పుస్తకమే రాశాడు. యాంఫెటమిన్ బాగా అలవాటైన వాళ్లలో గొంతులు, అనుమానాలు వచ్చి, స్కిజోఫ్రీనియాతో పోల్చి చూస్తే తేడా కనిపెట్టలేనట్టు ఉండేవని. అప్పటి ప్రయోగాలన్నీ కలిపి 1987లో వేసిన లెక్క ఇంకా భయపెడుతుంది. మామూలు వాళ్లని ఏమీ చేయని మోతాదు స్టిములెంట్ ఇచ్చినా, స్కిజోఫ్రీనియా ఉన్నవాళ్లలో దాదాపు 40 శాతం మందికి లక్షణాలు పైకి లేచాయి.

మరి యాంటీసైకోటిక్ మందుని కాపలా పెట్టి, జబ్బు నిలకడగా ఉన్నవాళ్లకే, జాగ్రత్తగా ఇస్తే? ఈ దారిలో 2013లో ఒక అధ్యయనం వచ్చింది. 92 మందికి మామూలు మందులతో పాటు లిస్‌డెక్సాంఫెటమిన్‌ని పది వారాలు ఇచ్చారు. నెగటివ్ లక్షణాలు తగ్గాయి, గొంతులు కూడా పెద్దగా తిరగబడలేదు. చదవగానే కుర్చీలోంచి లేచాను. తర్వాతి పేజీ చూసి కూర్చున్నాను. ఆ పది వారాలూ అందరికీ తాము అసలు మందే వేసుకుంటున్నామని తెలుసు. ఆ తర్వాత నాలుగు వారాలు కొందరికి తెలియకుండా ఉత్తుత్తి మాత్ర ఇచ్చి చూస్తే, రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా రాలేదు. మందు ప్రభావం నిలబడిందా, లేక ఆశ, డాక్టర్ల శ్రద్ధ కూడా పనిచేశాయా, ఆ అధ్యయనంతో తేలదు.

మొడాఫినిల్, ఆర్మొడాఫినిల్ మీద జరిగిన ప్రయోగాలని కలిపి చూసిన వాళ్లలో మన బెంగళూరు నిమ్‌హాన్స్ ప్రొఫెసర్ చిత్తరంజన్ ఆండ్రేడ్ ఉన్నారు. 2015లో వచ్చిన ఆ విశ్లేషణ తేల్చింది ఇది: నెగటివ్ లక్షణాల మీద మేలు ఉంది, కానీ చిన్నది. గొంతులు పెరిగిన జాడ లేదు. చిన్న మేలు అంటే ఎంత? కాగితం మీద మార్కుల్లో కనిపించే తేడా, ఇంట్లో మనిషిని చూసేవాళ్లకి కనిపించకపోవచ్చు.

డాక్టర్ గారి గదిలో

అన్నీ ప్రింట్ తీసుకుని బాబాయ్‌తో పాటు చెన్నైలో డాక్టర్ గారి దగ్గరికి వెళ్లాను. ఆవిడ నా కాగితాలు ఓపిగ్గా తిప్పి చూసి పక్కన పెట్టారు. బాబాయ్ వైపు తిరిగారు. చేతులు పట్టుకుని మోచేయి దగ్గర మెల్లగా వంచి చూశారు. నడవమన్నారు. రోజుకి ఎన్ని బీడీలు, ఎన్ని టీలు, ఎన్ని గంటల నిద్ర, దిగులుగా ఉంటుందా, చచ్చిపోవాలనిపిస్తుందా అని ఒక్కొక్కటీ అడిగారు. థైరాయిడ్, షుగర్ పరీక్షలు రాశారు.

అప్పుడు నాతో చెప్పారు: "ఊపు లేకపోవడం అంతా ఒకటే కాదు. జబ్బు వల్ల వచ్చింది వేరు. మందు ఎక్కువై కండరాలు బిగుసుకుపోయి వచ్చింది వేరు. డిప్రెషన్ వల్ల వచ్చింది వేరు. చేయడానికి పనే లేక వచ్చింది వేరు. ముందు ఆ మూడూ తీసేసి చూద్దాం. మిగిలింది జబ్బుది."

బాబాయ్ పాత చీటీలో రెండు సంగతులు దొరికాయి. ఏళ్ల క్రితం జబ్బు ఉధృతంగా ఉన్నప్పుడు పెట్టిన మోతాదే ఇప్పటికీ నడుస్తోంది. దానివల్ల వచ్చే వణుకు తగ్గడానికి ట్రైహెక్సీఫెనిడిల్ కూడా నడుస్తోంది. ఈ రెండో మాత్ర జ్ఞాపకశక్తిని మందగింపజేస్తుంది. బీడీ సంగతి కూడా నాకు కొత్త. ఓలాంజపిన్, క్లోజపిన్ లాంటి మందుల్ని కాలేయం త్వరగా ఖర్చు చేసేసేలా చేస్తుంది పొగ. పొగ ఒక్కసారిగా మానేస్తే అదే మోతాదు శరీరంలో ఎక్కువైపోతుంది. కాబట్టి మానేముందు కూడా డాక్టర్‌కి చెప్పాలట. మనం మామూలుగా తీసుకునే టీ, కాఫీ, బీడీ కూడా ఈ లెక్కలోకి వస్తాయని నేనెప్పుడూ అనుకోలేదు.

హుషారు మాత్ర గురించి ఆవిడ కొట్టిపారేయలేదు. కొందరికి, అన్నీ చూసి, నిలకడగా ఉన్నారని తేలాక, దగ్గరుండి గమనిస్తూ మొడాఫినిల్ లాంటివి ఇచ్చి చూసే డాక్టర్లు ఉన్నారన్నారు. కానీ అది వరసలో మొదట వచ్చేది కాదు. మిథైల్‌ఫెనిడేట్ మన దేశంలో షెడ్యూల్ ఎక్స్ మందు, ఎన్‌డీపీఎస్ చట్టం కింద కూడా ఉంది, ఊరికే దొరకదు. దానికంటే ముందు చూడదగ్గవి ఉన్నాయి. నెగటివ్ లక్షణాలు ఎక్కువగా ఉన్న 461 మంది మీద జరిపిన ప్రయోగంలో, రిస్పెరిడోన్ కంటే కారిప్రజైన్ మెరుగ్గా పనిచేసినట్టు 2017లో తేలింది. అలా మందు మార్చడం కూడా ఒక దారే.

ఇదంతా చెప్పి, ఆవిడ బాబాయ్‌ని అడిగారు. "హుషారు రావడానికి ఒక మాత్ర ఉందంటున్నాడు మీ అబ్బాయి. మీరేమంటారు?"

బాబాయ్ చాలాసేపు నేల చూశాడు. నాన్న ఏదో చెప్పబోతే డాక్టర్ గారు చెయ్యెత్తి ఆపారు.

"అవి మళ్లా వస్తాయా మేడమ్?"

"రావని మాట ఇవ్వలేను."

"వొద్దులే మేడమ్. అవి పోయేదానికి నాకు చానా ఏళ్లు పట్టింది."

ఎన్నో ఏళ్లలో బాబాయ్ నోటి నుంచి మేం విన్న పెద్ద మాట అది. మేమంతా ఆయన నిశ్శబ్దాన్ని జబ్బు అనుకున్నాం. ఆయనకి అది జబ్బు చేతిలోంచి లాక్కున్న ఆస్తి. దాన్ని పణంగా పెట్టి హుషారు కొనాలా వద్దా అనేది లాప్‌టాప్ ముందు నేను తేల్చే లెక్క కాదు. 2018 మే 29న అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెప్పేదీ ఇదే. నిర్ణయం తీసుకునే స్థితిలో ఉన్న మనిషి వైద్యం గురించి తనే నిర్ణయించుకుంటాడు. జబ్బు పేరు చూసి ఆ హక్కు తీసేయడానికి లేదు.

పొద్దున ఆరింటి చెక్ ట్రే

డాక్టర్ గారు మోతాదు నెలల మీద కొంచెం కొంచెంగా తగ్గించారు, మత్తు వచ్చే మాత్రని రాత్రికి మార్చారు, ట్రైహెక్సీఫెనిడిల్‌ని మెల్లగా ఆపారు. రెండోది పని. "జీతం ముఖ్యం కాదు, ఎవరో ఒకరు ఆయన కోసం ఎదురుచూడాలి" అన్నారు.

దీనికీ పాత ఆధారం ఉంది. ఇంగ్లండ్‌లో జాన్ వింగ్, జార్జ్ బ్రౌన్ అనే ఇద్దరు మూడు మానసిక ఆస్పత్రుల్ని పోల్చి 1970లో పుస్తకం వేశారు. రోజంతా ఏ పనీ లేకుండా గడిచే వార్డుల్లో రోగులు ఎక్కువ ముడుచుకుపోయి ఉన్నారు. చుట్టూ పరిస్థితులు మెరుగుపడినప్పుడు మనుషులూ కొంత మెరుగుపడ్డారు, ముఖ్యంగా ఖాళీగా ఉండే సమయం తగ్గినచోట. మనకి దగ్గర్లో చెన్నై ఉంది. అక్కడ 1981లో మొదలైన అధ్యయనం 90 మంది స్కిజోఫ్రీనియా రోగుల్ని పాతికేళ్ల పాటు గమనించింది. పనుల్లో కొనసాగిన మగవాళ్లు వాళ్లలో బాగానే ఉన్నారు. డాక్టర్ శారదా మీనన్ 1984లో అక్కడే పెట్టిన స్కార్ఫ్ సంస్థ మందులతో పాటు పనినీ వైద్యంలో భాగంగా చూస్తుంది. గోవా, సతారా, కాంచీపురంలో 282 మందితో చేసిన ప్రయోగంలో, శిక్షణ పొందిన కార్యకర్తలు ఇళ్లకి వెళ్లి తోడుంటే లక్షణాలూ ఇబ్బందులూ ఇంకొంచెం తగ్గాయి. అదీ చిన్న మేలే. కానీ దానివల్ల గొంతులు తిరిగొచ్చే భయం లేదు.

మా పక్క గుంట కౌలుకి చేసే పెద్దాయన ఒప్పుకున్నాడు. పొద్దున ఆరింటికి చెక్ ట్రేలు పైకి లాగి, వేసిన మేతలో ఎంత మిగిలిందో చూసి చెప్పాలి. మిగిలితే రొయ్య తినట్లేదని అర్థం, ఆ పూట మేత తగ్గించాలి. ఇరవై నిమిషాల పని. మొదటి నెలలో సగం రోజులు వెళ్లలేదు. పెద్దాయన తిట్టలేదు, ఇంటికొచ్చి "ఏందబ్బయ్యా, ట్రేలు నీ కోసం చూస్తా ఉండాయి" అని పిలుచుకెళ్లేవాడు.

ఎనిమిది నెలలైంది. అద్భుతం ఏమీ జరగలేదు. బాబాయ్ ఇప్పటికీ ఎక్కువ మాట్లాడడు. స్నానం మాత్రం చెప్పకుండా చేస్తాడు, గుంట దగ్గర వాసన అంటుకుంటుంది కదా అంటాడు. పోయిన నెల నాకు తనే ఫోన్ చేశాడు. "ఏరేటర్ మోటార్ వేడెక్కతా ఉంది. బేరింగ్ పోయినట్టుండాది, వీళ్లకి చెప్తే వినడంలా" అన్నాడు. మీటింగ్‌లో ఉన్నవాణ్ని బయటికొచ్చి పది నిమిషాలు బేరింగ్ గురించే మాట్లాడాను.

మీ ఇంట్లోనూ ఉంటే

ఇది చదివేవాళ్లలో పరీక్షల కోసమో, నైట్ షిఫ్ట్ కోసమో ఇలాంటి మాత్రలు వాడేవాళ్లు ఉంటారు. దయచేసి వాటిని ఇంట్లో జబ్బుతో ఉన్నవాళ్లకి ఇవ్వొద్దు. స్కిజోఫ్రీనియా లేని యువతలో కూడా ప్రమాదం సున్నా కాదు. ఏడీహెచ్‌డీకి స్టిములెంట్లు మొదలుపెట్టిన టీనేజర్లు, యువకుల్ని గమనించిన 2019 అమెరికా అధ్యయనంలో సుమారు 660 మందికి ఒకరిలో సైకోసిస్ కనిపించింది. ఆ జబ్బుకి డాక్టర్ రాసినవాళ్లు దీన్ని చూసి మందు మానేయాల్సిన పని లేదు, డాక్టర్‌తో మాట్లాడితే చాలు. యాంటీసైకోటిక్ మందుల్ని కూడా మీ అంతట మీరు తగ్గించొద్దు. మా బాబాయ్‌ది తగ్గించింది డాక్టర్, అదీ నెలల మీద.

మీరు అడగాల్సినవి మాత్రం అడగండి. ఈ మోతాదు ఇప్పటికీ ఇంత అవసరమా? బిగుసుకుపోవడం మందు వల్లా? ఇది డిప్రెషన్ ఏమో చూశారా? పొద్దునపూట మత్తు లేకుండా మందు వేళ మార్చొచ్చా? కొత్త మాత్ర చేరుస్తుంటే, అది పనిచేసిందని ఎన్ని వారాలకి, దేన్ని బట్టి తెలుస్తుంది? చెడు జరుగుతోందని ముందుగా చెప్పే గుర్తులేవి? ఈ ప్రశ్నలకి చెన్నై దాకా రావాల్సిన పని లేదు, నెల్లూరు పెద్దాసుపత్రి మానసిక వైద్య విభాగంలోనైనా అడగొచ్చు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే టెలిమానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.

నాన్నకి అరవై దాటాయి. తన తర్వాత తమ్ముణ్ని ఎవరు చూస్తారన్నది ఆయన దిగులు. నేను చూస్తానని చెప్పాను, కానీ ఆ మాట ఆయన దిగులుని పూర్తిగా తీర్చలేదు. బాబాయ్ తనని తాను ఎంత చూసుకోగలడో, ఆ హద్దు ఇంకొంచెం పెరగాలి. రేపు ఏదైనా మంచి మందు నిజంగా రుజువైతే మళ్లీ అడుగుతాం, వద్దంటే మళ్లీ ఆగుతాం.

వచ్చే నెల చెన్నై అపాయింట్‌మెంట్ ఉంది. ఈసారి ప్రశ్నలు బాబాయే రాసుకుంటున్నాడు, మేత లెక్కలు రాసే నోటుబుక్కు వెనక పేజీలో. ఇప్పటికి రెండు రాశాడు. బీడీలు తగ్గిస్తే మందు ఎంత తగ్గించాలి? రాత్రి మాత్ర ఎనిమిదింటికే వేసుకోవచ్చా, పొద్దున ట్రేలకి లేవాలి?